తనిఖీ సమయానికి తేటగా ఉన్నది

మా ఊరి మంచినీటి సరఫరా విభాగంలో ఫిర్యాదులు పరిష్కరించడంలో నన్ను మించినవాడు లేడు. ఈ మాట నేను చెప్పుకోవడం లేదు, నా కుర్చీ వెనక గోడకి వేలాడుతున్న ప్రశంసాపత్రం చెబుతోంది. కుళాయిలో ఎర్రనీళ్లు వస్తున్నాయంటే మిగతా ఊళ్లలో ఇంజనీర్లు రోడ్లు తవ్వి, అతుకులు విప్పి, నానా హైరానా పడతారట. నా పద్ధతి అది కాదు. పదకొండింటికి ఫిర్యాదుదారు ఇంటికి వెళ్తాను. కుళాయి తిప్పమంటాను. గాజుగ్లాసులో నీళ్లు పట్టి వెలుగుకి ఎత్తి చూస్తాను. "తనిఖీ సమయానికి నీరు తేటగా ఉన్నది. ఫిర్యాదు మూసివేయడమైనది" అని రాసి, వాళ్లచేత సంతకం పెట్టించి, పక్క వీధికి వెళ్లిపోతాను.

మేము నీళ్లు వదిలేది తెల్లవారుజామున. ఎర్రగా వచ్చేది ఆ మొదటి ధారలోనే. పదకొండయ్యేసరికి గొట్టంలో మిగిలిన కాసిని నీళ్లూ తేరుకుని చూడముచ్చటగా ఉంటాయి. ఈ సంగతి నాకు తెలియక కాదు. ఆఫీసు తెరిచేదే పదిన్నరకి, నేనేం చెయ్యను?

నా పద్ధతికి లొంగని మనిషి ఊరు మొత్తానికి ఒక్కతే. రైల్వేగేటు అవతల ఇడ్లీబండి నడిపే సువార్తమ్మ. ఎన్నిసార్లు మూసినా ఆవిడ ఫిర్యాదు మళ్లీ తెరుచుకునేది. ఓసారి సీసా పట్టుకుని ఆఫీసుకే వచ్చేసింది.

"ఇయ్యాల పొద్దున పట్టాను బాబుగారూ. ఈ నీళ్లతో పిండి రుబ్బితే ఇడ్లీలు మట్టిరంగులో దిగతన్నాయి. తినేవోళ్లు ఏమైపోవాల?" అంది.

"ఫిర్యాదుదారు స్వయంగా పట్టిన నమూనా చెల్లదమ్మా. అందులో నువ్వే ఇటుకపొడి కలిపావేమో, నాకేం తెలుసు?" అన్నాను.

ఆవిడ సీసా వంక, నా వంక చూసి వెళ్లిపోయింది. నియమం అర్థమైందనుకున్నాను.

ఇంత పేరున్న నాకు, వెలిచేటి దక్షిణామూర్తికి, ఒకనాటి తెల్లవారుజామున మూత్రం ఎర్రగా వచ్చింది.

నొప్పి లేదు, మంట లేదు, జ్వరం లేదు. ముందురోజు బీట్‌రూట్ కూర తిన్నానా అని ఆలోచించాను. తినలేదు. అనుభవం ఉన్నవాణ్ని కనక కంగారు పడలేదు. ఆఫీసుకి వెళ్లి పదకొండింటికి మళ్లీ తనిఖీ చేశాను. తేటగా ఉంది. మనసులోనే ఫిర్యాదు మూసేసి టీ తాగాను. వారం తర్వాత మళ్లీ ఎర్రగా వచ్చింది, మళ్లీ పదకొండింటికి మూసేశాను. ఇలా నేనే ఫిర్యాదుదారునీ, నేనే తనిఖీ అధికారినీ అయి చాలా సాఫీగా నడుపుకుంటూ వచ్చాను.

ఒకరోజు మరుగుదొడ్లో నీళ్లు కొట్టడం మరిచిపోయాను. నా వెనకాలే లోపలికి వెళ్లిన మా ఆవిడ హైమావతి వెంటనే బయటికి వచ్చింది.

"ఏమిటండీ ఇది?"

"ఏది?"

"రక్తం. ఎన్నాళ్ల నుంచి?"

"కంగారు పడకు. పదకొండింటికి చూడు, తేటగా ఉంటుంది."

"ఈ కబుర్లు మీ ఆఫీసులో చెప్పుకోండి. ముందు చెప్పులేసుకోండి" అంది.

మూత్రవ్యాధుల డాక్టరు ప్రియంవదగారు నెమ్మదిగా మాట్లాడే మనిషి. అన్నీ అడిగింది. సిగరెట్లు కాలుస్తారా అని కూడా అడిగింది.

"రిటైరయ్యాక మానేద్దామనుకుంటున్నానండి" అన్నాను.

"ఉద్యోగంలో చేరిన రోజునించీ కాలుస్తూనే ఉన్నారు, రాసుకోండమ్మా" అంది హైమావతి.

డాక్టరుగారు కలం పక్కన పెట్టింది. "చూడండి మూర్తిగారూ, నొప్పి లేకుండా రక్తం వస్తోందంటే నేను తేలిగ్గా తీసుకోను. నాలుగు రోజులు ఆగినంత మాత్రాన జబ్బు పోయినట్టు కాదు. స్కానింగులో చిన్నవి ఒక్కోసారి దొరకవు. మూత్రం వచ్చే దారిలోంచే సన్నటి గొట్టం పంపి, దాని చివరనున్న కెమెరాతో మూత్రాశయం లోపలి గోడలు చూడాలి. సిస్టోస్కోపీ అంటారు. మొద్దుబార్చే జెల్లీ పెడతాం, పెద్దగా బాధ ఉండదు. లోపల గడ్డ ఏదైనా ఉంటే తొందరగా పట్టుకోవాలి."

"గడ్డంటే?" అంది హైమావతి.

"క్యాన్సరు కావచ్చు, కాకపోవచ్చు. చూడనిదే ఎవరూ చెప్పలేరు. సోమవారం రండి, చేసేద్దాం."

గొట్టంలోకి గొట్టం పంపి చూడడం అనే మాట విని నాకు వృత్తిరీత్యా నవ్వొచ్చింది. ఆ వెనకాలే, నిజం చెబుతున్నాను, చాలా భయపడ్డాను. భయపడ్డ ఉద్యోగి చేసే పనే నేనూ చేశాను. "ఆఫీసు అనుమతి తీసుకుని వస్తానండి" అన్నాను.

అనుమతి గురించి కొంచెం చెప్పాలి. మా సిబ్బందికి ఒక ఆరోగ్య పథకం ఉంది. అది పుట్టేనాటికి మా విభాగంలో ఉన్న నియమావళి ఒక్కటే, నీటి ఫిర్యాదులదీ రోడ్డు తవ్వకాలదీ. దాన్నే తీసుకుని "వినియోగదారుడు" అన్నచోట "ఉద్యోగి" అనీ, "గొట్టం" అన్నచోట "అవయవం" అనీ మార్చి ఆరోగ్య పథకం తయారుచేశారు. మార్చిన కమిటీలో నేనూ ఉన్నాను. ఒక్క మధ్యాహ్నంలో ముగించినందుకు మాకు జీడిపప్పు పకోడీలు పెట్టారు. దాని ప్రకారం ముందస్తు అనుమతి లేకుండా అవయవాన్ని తెరిపించుకోవడం, అనుమతి లేకుండా రోడ్డు తవ్వినంత నేరం. సర్వీసులో ఒక్క మచ్చ లేనివాణ్ని, పోయిపోయి మూత్రాశయం కోసం మచ్చ తెచ్చుకుంటానా?

"మీ ఒంట్లో రక్తం పోవడానికి వాళ్లని అడిగారా? ఆపడానికెందుకు అడగడం?" అంది హైమావతి దారిలో.

"ప్రతిదానికీ ఒక పద్ధతి ఉంటుంది" అన్నాను.

ఆ అనుమతులిచ్చే ఆరోగ్య సంఘంలో వైద్యాధికారి పోస్టు చాలాకాలంగా ఖాళీ. అందుకని మురుగునీటి విభాగం ఇంజనీరు గంటి కోదండపాణిగారు అధ్యక్షుడిగా అదనపు బాధ్యతలు చూస్తున్నారు. సభ్యులు ఇద్దరు, ఒకరు గోదాము అధికారి, ఇంకొకరు మీటర్ల సూపరింటెండెంటు. ముగ్గురూ పదకొండింటికి సమావేశమయ్యారు.

కోదండపాణిగారు డాక్టరు చీటీని దూరంగా పట్టుకుని చదివారు. "ఎడతెగని రక్తస్రావం అని రాసియున్నది. పథకం ప్రకారం ఎడతెగనిదైతేనే దర్శిని పరీక్షకు, అనగా ఈ కెమెరా గొట్టము పంపుటకు, అర్హత. మీది నిరంతర సరఫరానా, విడతలవారీ సరఫరానా?"

"విడతలవారీ అండి. ఎక్కువగా తెల్లవారుజామున."

"మరి ఎడతెగనిది ఎట్లా అవుతుంది?"

"మానకుండా మళ్లీ మళ్లీ వస్తోందని డాక్టరుగారి ఉద్దేశమండి."

"వైద్యుల ఉద్దేశాలు వేరు, పరిపాలనా నిర్ధారణ వేరు. కంటికి కనబడని ఫిర్యాదును సంఘము పరిగణించజాలదు. ప్రత్యక్ష పరిశీలన జరుపుదాం" అని ఆయన లేచారు.

ఆఫీసు మరుగుదొడ్డి తలుపు బయట సంఘం సభ్యులు హోదా ప్రకారం నిలబడ్డారు. నేను లోపలికి వెళ్లి, గాజుగ్లాసుతో బయటికి వచ్చాను. కోదండపాణిగారు దాన్ని వెలుగుకి ఎత్తి, కొంచెం వంచి, ఒక కన్ను మూసి చూశారు. ఆ ఎత్తడంలో ఉన్న నేర్పు చూసి నాకు గర్వంగా అనిపించింది. ఆయన మురుగునీటికి మారకముందు మా విభాగంలో కొత్తగా చేరినప్పుడు ఆ పద్ధతి నేర్పింది నేనే.

"తేటగా ఉన్నది" అన్నారు. సభ్యులు కూడా ఉన్నదన్నారు. నాచేత సంతకం పెట్టించుకున్నారు.

ఇంటికి వచ్చేసరికి హైమావతి గుమ్మంలోనే ఉంది. "ఏమన్నారు?"

"తేటగా ఉందన్నారు."

"అంటే, ఏమీ లేనట్టేనా?" ఆవిడ గొంతులో ఆశ వినబడింది. ఆఫీసులో సంతకం పెట్టడం తేలికైంది, ఇంట్లో అవునని చెప్పడం కష్టమైంది.

ఆ తర్వాతి వారం హార్లిక్స్ సీసాలో తెల్లవారుజాము నమూనా పట్టి, గుడ్డసంచిలో పెట్టుకుని బస్సులో ఆఫీసుకి వెళ్లాను. దానిమ్మరసం అనుకుని పక్కసీటు ఆయన ఎక్కడ పిండించారని అడిగాడు. ఇంట్లోనే అన్నాను.

కోదండపాణిగారు సీసాని ముట్టుకోలేదు. "ఫిర్యాదుదారు స్వయంగా పట్టిన నమూనా చెల్లదు, మీకు తెలియనిదా?"

"ఇందులో నేనేం కలుపుతానండీ?"

"కుంకుమ కలిపారేమో. సంఘమునకు ఏమి తెలుసు?"

న్యాయంగానే తోచింది. నేనైతే ఇటుకపొడి అనేవాణ్ని. సీసా పట్టుకుని మెట్లు దిగుతుంటే సువార్తమ్మ గుర్తొచ్చింది. ఆవిడ ఈ మెట్లమీదే ఎలా దిగి ఉంటుందో మొదటిసారి తోచింది. ఆ ఆలోచన బాగాలేక సిగరెట్టు వెలిగించాను.

నేను అప్పీలు పెట్టుకున్నాను. నియమావళిలో అప్పీలంటే ఆకస్మిక తనిఖీ. ఆకస్మికంగా ఏ రోజు ఎన్నింటికి వస్తారో రెండు రోజుల ముందు కబురు పెట్టి, ఆ రోజు పదకొండింటికి సంఘం మా ఇంటికి వచ్చింది. హైమావతి కాఫీలిచ్చింది. నేను గ్లాసిచ్చాను. గ్లాసు తేటగా ఉంది.

అంతటితో వెళ్లిపోతారనుకుంటే, పక్కిళ్ల విచారణ కూడా చేయాలన్నారు. ఒకే లైనులో ఒక ఇంటికే ఎర్రనీళ్లు వస్తే లోపం ఆ ఇంట్లోనిదని, వీధంతటికీ వస్తే విభాగానిదని మా నియమం. ఆ రోజు సెలవులో ఉన్న పక్కవాటా బ్యాంకు ఉద్యోగి రాఘవులు సబ్బునురగ మొహంతోనే తలుపు తీశాడు.

"ఇటీవల మీ మూత్రమునందు రంగు మార్పు ఏమైనా గమనించితిరా?" అని అడిగారు కోదండపాణిగారు.

"ఎవరండీ మీరు?"

"నీటి సరఫరా విభాగం."

రాఘవులు నురగ తుడుచుకున్నాడు. "కుళాయి గురించి అడగండి, చెప్తాను. ఇదేం ఖర్మండీ సెలవుపూట?" అన్నాడు. అయినా సంతకం పెట్టాడు. ఎవరు సంతకం అడిగినా పెట్టేయడం మా వీధిలో అందరికీ నేనే అలవాటు చేశాను.

మర్నాడు నిర్ణయం వచ్చింది. ఇరుగుపొరుగు వారికి ఇబ్బంది లేనందున లోపం మీటరుకు ఇవతల, అనగా ఉద్యోగి సొంత ఆవరణలో ఉన్నట్లు తేలినదట. ఆవరణలోని లోపాలకు విభాగం బాధ్యత వహించదట. అలాగని సొంతంగా తెరిపించుకోరాదట. పుష్కలంగా నీళ్లు తాగి లైను కడుక్కోవలసిందిగా సలహా. నేను ఆ కాగితం చదివి, బాగా రాశారు అన్నాను. హైమావతి దాన్ని నా చేతిలోంచి లాక్కుని పొయ్యి దగ్గరికి తీసుకెళ్లింది. దండం పెట్టి వెనక్కి తెచ్చుకుని ఫైల్లో పెట్టుకున్నాను. ఆ రోజు నుంచి బిందెలకొద్దీ నీళ్లు తాగాను.

ఒక ఆదివారం పొద్దున మూత్రం ఎర్రగా కూడా రాలేదు. అసలు రాలేదు.

గంట గడిచేసరికి పొత్తికడుపు రాయైపోయింది. కూర్చోలేను, నుంచోలేను, గోడ పట్టుకుని మూలుగుతున్నాను. హైమావతి ఆటో పిలుచుకొచ్చింది. నేను గుమ్మం దగ్గర ఆగాను.

"ఇవాళ ఆదివారం. అనుమతి లేకుండా వెళ్తే..." అన్నాను. నవ్వకండి, నిజంగానే అన్నాను.

ఆవిడ నా చొక్కా పట్టుకుంది. ఇన్నేళ్లలో ఎప్పుడూ అలా పట్టుకోలేదు. "మీరు పోతే వాళ్లకి ఇంకో ఇంజనీరు వస్తాడు. నాకెవరొస్తారు? నోరు మూసుకుని ఎక్కండి" అంది. ఆవిడ ఏడుస్తోంది. నేను నోరు మూసుకుని ఎక్కాను.

లోపల రక్తం గడ్డకట్టి దారికి అడ్డం పడిందట. ముందు గొట్టం వేసి గడ్డలు కడిగేశారు. ప్రాణం లేచొచ్చింది. ఆ లోపు హైమావతి సంఘం సంగతంతా డాక్టరుగారికి చెప్పేసింది. తర్వాత నడుముకి మత్తిచ్చి, కెమెరా గొట్టం పంపారు. ప్రియంవదగారు తెరని నావైపు తిప్పించింది.

ఉద్యోగంలో ఇన్ని కిలోమీటర్ల గొట్టం వేయించాను. ఒక్కదాని లోపలికి ఎప్పుడూ చూడలేదు. మొట్టమొదట చూసింది నా సొంతదే. లేతగులాబీ రంగు గోడలు, వాటిమీద సన్నటి ఎర్రటి దారాలు. గొట్టం మెల్లగా తిరిగింది. ఒక మూల రేగుపండంత గడ్డ, ఒంటినిండా నూగుతో, కాలవలో పాచిలా మెల్లగా ఊగుతోంది.

"ఎన్నాళ్ల నుంచి ఉందంటారు డాక్టరుగారూ?" అని అడిగాను.

"నెలల నుంచి ఉండి ఉంటుంది. మీరు తేటగా ఉందని సంతకం పెట్టిన రోజుల్లో కూడా ఇక్కడే ఉంది" అంది ఆవిడ, కోపం లేకుండానే. ఆ దారిలోంచే సన్నటి తీగ పంపి దాన్ని చెక్కి బయటికి తీసేసింది. ముక్కని పరీక్షకి పంపింది.

రెండోనాడు వార్డులో పడుకుని ఉన్నాను. ఒక గొట్టంలోంచి సెలైను లోపలికి వెళ్లి మూత్రాశయాన్ని కడుగుతుంటే, ఇంకో గొట్టంలోంచి ఎర్రటి నీళ్లు మంచం పక్కనున్న సంచిలోకి దిగుతున్నాయి. పదకొండింటికి సంఘం వచ్చింది. అనుమతి లేకుండా ఆస్పత్రిలో చేరానని ఎవరో కబురు చేరవేశారు.

కోదండపాణిగారు సంజాయిషీ అడగబోయి, సంచిని చూసి ఆగిపోయారు. వంగి దాన్ని వెలుగుకి ఎత్తారు. ఆయన మొహం విప్పారింది. "ఎర్రగా ఉన్నది" అన్నారు. సభ్యులు ఉన్నదన్నారు. "అదియును ఎడతెగకుండా. ఇది నిరంతర సరఫరాయే. మూర్తిగారూ, మీ ఫిర్యాదు రుజువైనది. దర్శిని పరీక్షకు ఇక్కడికిక్కడే అనుమతి మంజూరు చేయుచున్నాము."

ప్రియంవదగారు అప్పుడే రౌండ్సుకి వచ్చింది. "పరీక్ష అయిపోయిందండీ. గడ్డ తీసేశాం కూడా."

"తీసేశారా?" కోదండపాణిగారు సంచిని మెల్లగా కిందికి దించారు. "మరి లోపం ఏదీ?"

"ల్యాబులో ఉంది."

"సంఘం తనిఖీ చేయకమునుపే లోపాన్ని తొలగించడం సాక్ష్యాన్ని చెరపడమే అవుతుంది డాక్టరుగారూ. దాన్ని తిరిగి యథాస్థానమునందు ఉంచుటకు వీలున్నదా?"

డాక్టరుగారు ఆయన వంక రోగిని చూసినట్టు చూసింది. "మీరు కాస్త బయట కూర్చోండి" అంది.

నాకు నవ్వొచ్చింది. నవ్వితే పొత్తికడుపులో నొప్పి. ఆయన్ని అంటే నన్ను నేను అన్నట్టే, అందుకని గోడవైపు తిరిగి పడుకున్నాను.

పరీక్షలో అది క్యాన్సరే అని తేలింది. పైపొరలోనే ఉందట, గోడ కండరంలోకి దిగలేదట. ఇంకా ఆలస్యం చేసి ఉంటే ఈ కథ హైమావతి చెప్పాల్సి వచ్చేది. ఆవిడ ఇంత నెమ్మదిగా చెప్పేది కాదు.

ఇంటికి పంపేముందు డాక్టరుగారు మూడు నెలలకోసారి వచ్చి కెమెరా పరీక్ష చేయించుకోవాలంది. ఇలాంటి గడ్డలు మళ్లీ మొలిచే రకమట. సిగరెట్టు సంగతి హైమావతి అక్కడే తేల్చేసింది.

"మూడు నెలలకి ఎర్రగా రాకపోతే? తేటగా ఉంటే రానక్కర్లేదు కదండీ?" అన్నాను. అలవాటు ఎక్కడికి పోతుంది?

"తేటగా ఉన్నప్పుడే చూడాలి మూర్తిగారూ. ఎర్రగా వచ్చేదాకా ఆగితే ఇంక నేను చూసి ఏం లాభం?" అంది.

ఉద్యోగంలో తిరిగి చేరిన రోజున బల్లమీద రెండు కాగితాలున్నాయి. ఒకటి నాకొచ్చిన మెమో, అనుమతి లేని తవ్వకం జరిపించుకున్నందుకు. రెండోది సువార్తమ్మ ఫిర్యాదు. దాన్ని తీసుకుని, లైను కూలీ గురవయ్యని వెంటబెట్టుకుని రైల్వేగేటు దాటాను. చేరేసరికి పదకొండైంది.

సువార్తమ్మ గిన్నెలు తోముతోంది. నన్ను చూసి లేచి, నేను అడక్కుండానే కుళాయి తిప్పింది. తానే గ్లాసు పట్టి చేతికిచ్చింది. వెలుగుకి ఎత్తాను. తేటగా ఉన్నాయి. ఆవిడ తడిచెయ్యి కొంగుకి తుడుచుకుని ముందుకి చాపింది.

"యాడ పెట్టాల బాబుగారూ సంతకం?" అంది.

ఈసారి సీసా తేలేదు. తిట్టలేదు. ఆ చెయ్యి అలా చాపి నిలబడింది. నాకు కాగితం బయటికి తీయబుద్ధి కాలేదు.

"గురవయ్యా, కుళాయి లైను వెంబడి తవ్వు" అన్నాను.

వాడు నా ఆరోగ్యం ఇంకా కుదుటపడలేదనుకున్నాడు. "నీళ్లు తేటగానే ఉన్నాయి గదండీ. రోడ్డు కొట్టితే మెమో ఇస్తారండి."

"ఒకటి ఎలాగూ ఉంది. తవ్వు."

గునపం దిగింది. వీధివాళ్లు చుట్టూ చేరారు. గొట్టం ఇంటి ముందున్న మురుగుకాలవ అడుగునించే వెళ్తోంది. దాన్ని వేయించినప్పుడు ఎవరు సంతకం పెట్టారో నేను అడగలేదు, నాకు తెలుసు. గురవయ్య మట్టి చేత్తో తోసి పక్కకి జరిగాడు. తుప్పుపట్టి పొరలు లేచిన గొట్టం, పక్కన వేలు దూరేంత చిల్లు. రాత్రి గొట్టం ఖాళీగా ఉన్నప్పుడు కాలవ నీళ్లు అందులోకి దిగి తుప్పుతో ఎర్రబడతాయి. తెల్లారి నీళ్లు వదలగానే అవే మొదటి బిందెలో పడతాయి.

సువార్తమ్మ గోతి అంచున కూర్చుని ఆ చిల్లులో వేలు పెట్టి చూసింది. తర్వాత తల ఎత్తింది.

"ఎన్నాళ్ల బట్టి ఉందంటారు బాబుగారూ ఇది?"

ఆ ప్రశ్న నేనూ ఒకసారి అడిగాను, మంచంమీద పడుకుని. జవాబు నా దగ్గర తయారుగానే ఉంది.

"నేను తేటగా ఉందని రాసిన రోజుల్లో కూడా ఇక్కడే ఉందమ్మా" అన్నాను.